టీటీకి నాలుగు టైర్లు: విజయవాడ ఎండకీ వానకీ 245/40 ఆర్18 ఎంపిక డైరీ

కారు 2012 మోడల్ ఆడి టీటీ కూపే. 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ ఇంజిను, 211 హార్స్‌పవర్, క్వాట్రో (ఇంజిను శక్తి నాలుగు చక్రాలకీ వెళ్లే రకం). సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇల్లు పటమటలో. వారంలో రెండు మూడు రోజులు మంగళగిరి మీదుగా గుంటూరు వెళ్లి వస్తాను. టైరు సైజు 245/40 ఆర్18, అంటే వెడల్పు 245 మి.మీ., గోడ ఎత్తు అందులో 40 శాతం, రిమ్ము 18 అంగుళాలు. ఈ సైజు టైర్లు మన ఊళ్లో షాపులో నిలబడి చూసి కొనే వస్తువు కాదు, ముందే డబ్బు కట్టి తెప్పించుకోవాలి. అందుకే ఎక్కడ తప్పు చేశానో, ఏది కొలిచానో, ఎంత ఖర్చయిందో అన్నీ రాసి పెడుతున్నాను. ఈ సైజు కారున్నవాళ్లకి నేరుగా పనికొస్తుంది. పోలో, ఐ20 లాంటి కార్లకి సైజు మారుతుందే గానీ పద్ధతి ఇదే.

## దశ 1: ఉన్న టైర్ల లెక్క (2025 మార్చి 9)

కొత్త టైర్ల ధరలు అడగడానికి ముందు పాత వాటిని కొలిచాను. అందుకు కొన్న పనిముట్లు:

1. ట్రెడ్ (నేలని తాకే గాడుల భాగం) లోతు గేజ్ – ₹340
2. డిజిటల్ గాలి గేజ్ – ₹1,090
3. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ – ₹1,450
4. రబ్బరు గట్టిదనం కొలిచే షోర్ ఏ గేజ్ – ₹1,500

ఖర్చు ఇప్పటికి: ₹4,380

ముందు టైర్లలో ట్రెడ్ 4.1 మి.మీ. ఉంది. వెనక టైర్లలో బయటి అంచు 4.5, మధ్యలో 4.3, లోపలి అంచు మాత్రం 2.2. నిలబడి చూస్తే నాలుగూ బాగున్నట్టే కనిపిస్తాయి. లోపలి అంచు చూడాలంటే కారు కింద పడుకోవాల్సిందే.

తర్వాత తేదీ చూశాను. టైరు పక్క గోడ మీద డాట్ అని మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నా టైర్లలో మూడింటి మీద 1117, ఒకదాని మీద 0918 ఉన్నాయి. అంటే మూడు 2017లో 11వ వారం తయారైనవి, ఒకటి 2018లో 9వ వారానిది. ఏడెనిమిదేళ్ల రబ్బరు. గట్టిదనం గేజ్ నాలుగింటికీ 77 నుంచి 79 మధ్య చూపించింది (ఉదయం 6 గంటలకి, టైరు 27 డిగ్రీల దగ్గర). ఈ అంకె ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. అదే గేజ్‌తో, అదే వేడి దగ్గర కొత్త టైరుని కొలిచి పోల్చుకుంటేనే అర్థం ఉంటుంది. కాబట్టి రాసి పెట్టుకుని ముందుకెళ్లాను.

నాలుగూ ఒకేసారి మార్చాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. ఇది క్వాట్రో. ముందు, వెనక చక్రాలు ఒక్క చుట్టులో కదిలే దూరం దాదాపు సమానంగా ఉండాలి. రెండు కొత్తవీ రెండు అరిగినవీ వేస్తే ఆ తేడా భారం వెనక్కి శక్తి పంపే హాల్డెక్స్ క్లచ్ మీద పడుతుంది.

## దశ 2: ₹13,040 పోగొట్టుకున్న చోటు (మార్చి 16 – 23)

60 దాటగానే వెనక ఎడమ వైపు నుంచి గుయ్యిమని శబ్దం. వేగంతో పాటు పెరుగుతోంది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే, కారు లేపి చక్రం తిప్పి, "బేరింగ్ పోయింది సార్, మార్చేద్దాం" అన్నారు. సరేనన్నాను. హబ్ బేరింగ్ ₹11,240, లేబర్ ₹1,800.

ఇంటికి వస్తుంటే బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీద మళ్లీ అదే శబ్దం.

ఆ వారమంతా దాని గురించే ఆలోచించాను. మార్చి 23న చేసిన పరీక్షకి గంట పట్టింది, పైసా ఖర్చు కాలేదు. ఇదే ముందు చేసి ఉండాల్సింది:

1. గాలి నాలుగింట్లోనూ ఒకటే చేసి 10 కి.మీ. తిరిగి, శబ్దం ఎటు నుంచి వస్తోందో రాసుకోవాలి.
2. ఎడమ వైపు వెనక చక్రం ముందుకి, ముందు చక్రం వెనక్కి మార్చాలి. బోల్టులు 120 న్యూటన్ మీటర్లకి బిగించాలి.
3. అదే రోడ్డు, అదే వేగం, మళ్లీ 10 కి.మీ.
4. శబ్దం చక్రంతో పాటు ముందుకి వచ్చేస్తే తప్పు టైరుది. వెనకే ఉండిపోతే బేరింగ్‌ది.

నాకు శబ్దం ముందుకి వచ్చేసింది. టైరు లోపలి అంచు మీద చెయ్యి ఒక వైపుకి రాస్తే నున్నగా, ఎదురు వైపుకి రాస్తే రంపపు పళ్లలా తగిలింది. ఆ పళ్లు రోడ్డుని కొట్టడమే ఆ మోత. అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణాలు) తప్పితే టైరు కొద్దిగా అడ్డంగా ఈడ్చుకుపోతూ ఇలా అరుగుతుంది.

బాగున్న బేరింగ్ తీయించేశాను. కొత్త టైర్లు వేసే ముందు అసలు కారణం పట్టుకోకపోతే అవీ ఇలాగే పోతాయి. అందుకే టైర్ల ఆర్డరు ఆపేశాను.

ఖర్చు ఇప్పటికి: ₹17,420

## దశ 3: అలైన్‌మెంట్ రెండుసార్లు (ఏప్రిల్ 5 – 12)

మొదటిసారి చేయించిన చోట ప్రింటు ఇచ్చారు. ముందు వైపు అంకెలన్నీ పచ్చగా, వెనక వైపువి ఎర్రగానే ఉన్నాయి. అడిగితే "ఈ కార్లకి వెనక అడ్జస్ట్‌మెంట్ ఉండదు సార్" అన్నారు. ₹1,200 కట్టి వచ్చాను.

ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. ఇంటి దగ్గర జాకీ, స్టాండులు వేసి కింద చూస్తే, వెనక ఆర్ముల మొదట్లో ఎక్సెంట్రిక్ బోల్టులు కనిపించాయి. బోల్టు తల కింద వాషరు మధ్యకి కాకుండా ఒక పక్కకి ఉంటుంది, తిప్పితే ఆర్ము జరుగుతుంది. సర్దుబాటు కోసమే పెట్టినవి అవి. మన తేమకి తుప్పు పట్టి బిగుసుకుపోయాయంతే.

ఆటోనగర్‌లో సస్పెన్షన్ పని చేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఫొటోలు చూపిస్తే, "తిరుగుతాయి బాబూ, కాకపోతే ఇవాళ వదిలెయ్, నూనె నానాలి" అన్నాడు. రాత్రంతా నూనె నానబెట్టి మర్నాడు మూడు బోల్టులు విడిపించాడు. నాలుగోది కోసి తీయాల్సి వచ్చింది. అన్నిటికీ కొత్తవే వేయించాను: ₹2,360. లేబర్ ₹1,500. తర్వాత ఇంకో చోట మళ్లీ అలైన్‌మెంట్ ₹1,200.

నా ప్రింట్లలో అంకెలు (సర్దక ముందు, సర్దిన తర్వాత):

వెనక ఎడమ క్యాంబర్: ముందు −2°05′, తర్వాత −1°25′
వెనక కుడి క్యాంబర్: ముందు −1°50′, తర్వాత −1°25′
ముందు చక్రాల మొత్తం టో: సర్దక ముందు −0°22′, తర్వాత +0°08′

క్యాంబర్ అంటే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం. మైనస్ ఉంటే లోపలికి. ఆ వాలు వల్లే లోపలి అంచు మీద బరువు ఎక్కువ పడింది. కానీ టైరుని తొందరగా తినేది క్యాంబర్ కన్నా టో, అంటే చక్రాలు నేరుగా ముందుకి చూస్తున్నాయా, లోపలికో బయటికో తిరిగాయా అన్నది. చక్రాలు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే ప్రతి మీటరూ కొంచెం రాసుకుంటూనే నడుస్తాయి.

అలైన్‌మెంట్‌కి వెళ్తే ప్రింటు తీసుకోకుండా బయటికి రాకండి. వెనక చక్రాల అంకెలు ముందూ తర్వాతా అచ్చంగా ఒకటే ఉన్నాయంటే అక్కడ చెయ్యి పెట్టలేదన్నమాట.

చక్రాలు విప్పినప్పుడు వెనక ఎడమ రిమ్ము లోపలి అంచు వంగి ఉండటం కూడా చూశాం. గుంత దెబ్బ. వేడి చేయకుండా ప్రెస్ మీద సరిచేసే చోట ఇచ్చాను: ₹1,800. టైరు గోడ ఎత్తు 98 మి.మీ. మాత్రమే ఉన్న కారుకి మన రోడ్ల మీద ఇది తప్పదు.

ఖర్చు ఇప్పటికి: ₹25,480

## దశ 4: ఎండాకాలం గాలి తగ్గించాలా? (ఏప్రిల్ 20, 21)

ఈ ప్రశ్నకి ఒక పూర్తి ఆదివారం ఇచ్చాను. మన దగ్గర నూటికి తొంభై మంది చెప్పే సలహా "ఎండలు ముదిరాయి, రెండు మూడు పాయింట్లు గాలి తగ్గించండి, లేకపోతే పేలుతుంది" అని. పెట్రోలు బంకులోనూ అదే మాట, మా ఇంట్లోనూ అదే మాట. కొలిచి చూశాను.

మధ్యాహ్నం 2:30కి బందరు రోడ్డు తారు 61 డిగ్రీలు. నీడలో పేవర్ రాళ్లు 41. హైవే మీద గన్నవరం వైపు 40 నిమిషాలు, 80–90 వేగం. ఉదయం 28 డిగ్రీల దగ్గర నింపిన గాలితో మొదలుపెట్టాను.

మొదటి పరుగు, చల్లగా 35 పీఎస్‌ఐ:
ఆగాక గాలి 40.3
ట్రెడ్ భుజం (గోడని కలిసే అంచు) 66 డిగ్రీలు, పక్క గోడ 64

రెండో పరుగు మర్నాడు అదే సమయానికి, చల్లగా 28 పీఎస్‌ఐ:
ఆగాక గాలి 34
ట్రెడ్ భుజం 79 డిగ్రీలు, పక్క గోడ 74

గాలి తగ్గిస్తే టైరు చల్లబడలేదు. భుజం దగ్గర 13 డిగ్రీలు ఎక్కువ వేడెక్కింది. గాలి తక్కువైనప్పుడు గోడ ప్రతి చుట్టులోనూ ఎక్కువ వంగుతుంది, వంగిన రబ్బరు వేడి పుట్టిస్తుంది. వేసవిలో హైవే మీద పేలే టైర్లకి ఈ వేడే ప్రధాన కారణం. నడిచాక గాలి 5 పాయింట్లు పెరగడం మామూలే. చల్లటి అంకె నిర్ణయించేటప్పుడే తయారీదారు ఆ పెరుగుదలని లెక్కలో వేసుకుంటాడు.

ఇక్కడే నేను చాలాకాలంగా చేస్తున్న తప్పు కూడా దొరికింది. నేను సాయంత్రం గుంటూరు నుంచి వస్తూ, కాజ టోల్ దాటాక బంకులో గాలి చెక్ చేయించేవాణ్ని. వేడి మీద 40 చూపిస్తే కుర్రాడు 35కి దించేవాడు. ఈసారి అలాగే చేయించి, మర్నాడు ఉదయం 6 గంటలకి నా గేజ్‌తో చూశాను. 30 ఉంది. నెలల తరబడి 5 పాయింట్లు తక్కువతో తిరిగానన్నమాట.

నైట్రోజన్ సంగతి కూడా చెప్పాలి. మామూలు గాలిలో దాదాపు 78 శాతం నైట్రోజనే. వేడికి పెరగడంలో రెండిటికీ తేడా లేనట్టే. తేమ లేకుండా ఉండటం, కొంచెం నెమ్మదిగా లీకవడం దాని లాభాలు. నెలకి రెండుసార్లు ఉదయం పూట చూసుకునేవాళ్లకి మామూలు గాలి చాలు.

నా పద్ధతి ఇప్పుడు:

1. బండి కనీసం 3 గంటలు ఆగి ఉండాలి, ఎండ తగలకుండా ఉండాలి. ఒక వైపు ఎండ పడితే ఆ వైపు రెండు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది.
2. నా గేజ్‌నే నమ్మాలి.
3. ముందు 35, వెనక 33. ఇవి నా కారుకి. మీ అంకె మీ కారు స్టిక్కర్ మీద ఉంటుంది.
4. వేడి మీద గాలి దించకూడదు.

## దశ 5: కాటా, తడి నేల, పాత టైర్ల చివరి పరీక్ష (మే 11, 18)

మా మావయ్యకి గుంటూరు దగ్గర కోల్డ్ స్టోరేజీ ఉంది. మిర్చి సీజన్‌లో ఆ ఆవరణలో కాలు పెట్టే సందు ఉండదు, అన్నీ లారీలే. మే మధ్యలో యార్డుకి వేసవి సెలవులిచ్చే సమయానికి ఖాళీ అవుతుంది. పొడవైన కాంక్రీటు నేల, చుట్టూ గోడ, గేటు వేస్తే ఎవరూ అడ్డు రారు. బ్రేకు పరీక్ష రోడ్డు మీద చేయకండి, ఎంత ఖాళీగా ఉన్నా సరే.

ముందు లారీ కాటా మీద తూకం. నేను, సగం ట్యాంకు పెట్రోలు:

1. ముందు చక్రాలు మాత్రమే: 870 కిలోలు
2. వెనక చక్రాలు మాత్రమే: 600 కిలోలు
3. మొత్తం కారు: 1,470 కిలోలు

ముందు ఒక్కో టైరు మీద 435 కిలోలు. గట్టి బ్రేకులో ముందు ఇరుసు మీదికి ఇంకో 300 కిలోల దాకా వచ్చినా ఒక్కో టైరుకి 600 లోపే. టైరు మీద 93 అని ఉంటే 650 కిలోలు మోస్తుంది, 97 అని ఉంటే 730. ఈ తూకం వల్ల తర్వాత షాపులో చాలా వాదనలు తగ్గాయి.

మే 11న చేసిన బ్రేకు పరీక్ష పూర్తిగా వృథా. ఫోన్ జీపీఎస్ సెకనుకి ఒక్కసారే అంకె ఇస్తోంది. 50 వేగంలో సెకనుకి కారు 13.9 మీటర్లు పోతుంది. ఆపే దూరమే అంతలో ఉంటే ఆ కొలతకి విలువ లేదు. స్పీడోమీటరు చూసి బ్రేకు తొక్కడం కూడా పనికిరాదు, అది అసలు వేగం కన్నా ఎక్కువ చూపిస్తుంది. వారం తర్వాత ఒక స్నేహితుడి దగ్గర సెకనుకి 10 సార్లు రాసుకునే జీపీఎస్ పెట్టె అడిగి తెచ్చుకున్నాను.

మే 18 ఉదయం 6:30, నేల 30 డిగ్రీలు. 55 దాకా వేగం పెంచి, కాలు పూర్తిగా బ్రేకు మీద వేసి, పెట్టెలో 50 నుంచి 0 దాకా దూరం మాత్రమే తీసుకున్నాను. ఆరేసి పరుగులు, మధ్యలో బ్రేకులు చల్లబడటానికి నాలుగు నిమిషాలు. తడి పరీక్షకి ట్యాంకరుతో నేల తడిపించాం, ప్రతి పరుగుకీ మళ్లీ.

పాత టైర్లు, పొడి: సగటు 11.3 మీ.
పాత టైర్లు, తడి: సగటు 16.2 మీ.

పొడి నేల మీద ఏడెనిమిదేళ్ల టైర్లు కూడా పరవాలేదనిపించాయి. ఇన్నాళ్లూ నాకు అనుమానం రాకపోవడానికి ఇదే కారణం. తడి మీద మాత్రం ఏబీఎస్ (బ్రేకులో చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) మొదటి నుంచి చివరి దాకా కొట్టుకుంటూనే ఉంది. మావయ్య గోడ పక్కన నిలబడి చూసి, "ఒరేయ్, ఈ టైర్లతోనేనా పోయిన వానాకాలం పిల్లల్ని ఎక్కించుకుని వచ్చావు?" అని అడిగాడు. ఔనన్నాను. ఆ రోజు నుంచి టైర్లు మారేదాకా వానలో ఆ కారు తీయలేదు.

## దశ 6: ఏ టైరు (మే చివర – జూన్ మొదట)

సమ్మర్ టైరు అనే పేరు మన దగ్గర గందరగోళం చేస్తుంది. అది మన రోహిణి ఎండల కోసం చేసింది కాదు. చలి దేశాల్లో మంచు టైరు, వేసవి టైరు విడివిడిగా ఉంటాయి. 7 డిగ్రీల కన్నా పైన పనిచేసేలా చేసిన రబ్బరుని అక్కడ సమ్మర్ అంటారు. విజయవాడలో సంక్రాంతి తెల్లవారుజామున కూడా 7 డిగ్రీలు రావు. కాబట్టి మనకి ఏడాదంతా సమ్మర్ టైరే సరైనది. ఎం+ఎస్ (బురద, మంచు) గుర్తున్న ఆల్ సీజన్ రకంలో చలి కోసం చేసిన రాజీ ఉంటుంది, మనకి దానితో పనిలేదు.

సైజు దగ్గర మూడు సలహాలు వచ్చాయి. లెక్క వేసి చూశాను. టైరు మొత్తం ఎత్తు = రిమ్ము + రెండు వైపులా గోడ.

245/40 ఆర్18 (కారుతో వచ్చింది): 653.2 మి.మీ.
245/45 ఆర్18: 677.7 మి.మీ., 3.75 శాతం ఎక్కువ
225/45 ఆర్18: 659.7 మి.మీ., 1 శాతం ఎక్కువ
245/45 ఆర్17: 652.3 మి.మీ., దాదాపు సమానం

245/45 ఆర్18 షాపులో స్టాకు ఉంది, అందుకే దాని మీద ఒత్తిడి. "గోడ ఎత్తుంటుంది సార్, గుంతలకి మంచిది" అన్నారు. నిజమే, కానీ వ్యాసార్థం 12 మి.మీ. పెరిగితే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు లోపల తగిలే ప్రమాదం ఉంది. గేరింగు మారిపోతుంది, స్పీడోమీటరు ఇప్పటి కన్నా దాదాపు 4 శాతం తక్కువ చూపిస్తుంది. వద్దన్నాను.

నా మనసు నిజంగా లాగింది చివరి దాని మీదికి. ఈ కారుకి కంపెనీ ఇచ్చిన సైజుల్లో 245/45 ఆర్17 కూడా ఉంది. మొత్తం ఎత్తు అంతే ఉంటూ గోడ 110 మి.మీ. అవుతుంది. మన గుంతలకి ఆ 12 మి.మీ. చాలా విలువైనది. వంకర లేని 17 అంగుళాల రిమ్ములు నాలుగు ఒకేచోట దొరకలేదు, అందుకే ఆగాను. మీకు దొరికితే ముందు అటే చూడండి.

తర్వాత రకం. ట్రెడ్‌వేర్ అని గోడ మీద ఒక అంకె ఉంటుంది. 100 అంకె ఉన్న ప్రమాణ టైరుతో పోల్చి ఎంతకాలం మన్నుతుందో చెప్పేది. ఆ అంకె కంపెనీయే వేసుకుంటుంది కాబట్టి ఒక బ్రాండుకీ ఇంకో బ్రాండుకీ పోలిక అంత నమ్మకం కాదు. 200 దగ్గర ఉండే ట్రాక్ రకాల్ని మొదటే పక్కన పెట్టాను. వాటి గాడులు తక్కువ. నీళ్లు నిలిచే రోడ్ల మీద గాడులే ప్రాణం.

బ్రిడ్జ్‌స్టోన్ పొటెన్జా, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4, వ్రెడెస్టీన్ అల్ట్రాక్ వోర్టి అని జాబితా రాసుకున్నాను. వ్రెడెస్టీన్ డచ్ బ్రాండు, 2009 నుంచి అపోలో టైర్స్ చేతిలో ఉంది. అపోలోకి మన రాష్ట్రంలోనే, చిన్నపండూరులో ఫ్యాక్టరీ ఉంది. ఆ కారణంగా దాన్ని శ్రద్ధగా వెతికాను. నేను తిరిగిన షాపుల్లో నా సైజు ఆ వారం లేదు. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. ఇక్కడ ఎక్కువ అమ్ముడుపోని సైజులకి వెతుకులాట అప్పటి నుంచి కష్టమైంది. అంటే బ్రాండు ఎంత మంచిదన్నది రెండో ప్రశ్న. నా సైజులో, కొత్త తేదీతో, ఐఎస్ఐ గుర్తుతో ఏది వస్తుందన్నది మొదటి ప్రశ్న.

చివరికి మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4, 245/40 జెడ్ఆర్18 (97వై) ఎక్స్ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం). ట్రెడ్‌వేర్ 320, తడి పట్టు గ్రేడ్ ఏఏ, వేడి గ్రేడ్ ఏ. వై అంటే 300 కి.మీ. వేగం. బ్రాకెట్లో వేస్తే అంతకు మించి అని. ఆ వేగం మనకి అక్కర్లేదు, కానీ ఆ వేగం తట్టుకోవడానికి చేసిన నిర్మాణం వేడిని కూడా బాగా తట్టుకుంటుంది. ఒక్కోటి ₹24,000, పన్నుతో కలిపి.

## దశ 7: వచ్చిన టైర్లు, వెనక్కి పంపిన టైరు (జూన్ 11 – 26)

జూన్ 11న నాలుగూ వచ్చాయన్నారు. బిగించే ముందే వెళ్లాను. మూడింటి మీద 3824. నాలుగో దాని మీద 1421. మూడున్నరేళ్లు తేడా.

"గోడౌన్‌లో ఉన్నదే కదా సార్, రోడ్డెక్కలేదు, కొత్తదే" అన్నారు. గోడౌన్ ఎలాంటిదో, వేసవుల్లో లోపల ఎంత వేడెక్కిందో నాకు తెలియదు. రబ్బరు కూర్చుని ఉన్నా గట్టిపడుతుంది. గేజ్ తీసి అక్కడే కొలిచాను. మూడు 65–66 చూపిస్తే నాలుగోది 70. ఆ అంకె చూశాక ఇక వాదన జరగలేదు. రెండు వారాలు ఆగితే 4024 తేదీది వచ్చింది. దాని మీద 65.

తేదీ కోడు గోడకి ఒక వైపే పూర్తిగా ఉండొచ్చు. అది లోపలి వైపుకి వచ్చిందంటే బిగించాక కనిపించదు. అందుకే చూడాల్సింది బిగించక ముందే.

జూన్ 26న బిగింపు. నేను పక్కనే నిలబడి చూసినవి:

1. పాత వాల్వులు తీసి కొత్తవి వేయాలి. నాలుగూ కలిపి ₹600.
2. రిమ్ము అంచు తుప్పు, పాత జిగురు శుభ్రం చేయాలి.
3. ఇది అసిమెట్రిక్ టైరు. ఔట్‌సైడ్ అని రాసిన వైపు బయటికి రావాలి. ఒక టైరు తిరగేసి ఎక్కించారు. బ్యాలెన్సింగ్‌కి ముందే చూశాను కాబట్టి వెంటనే మార్చారు.
4. బ్యాలెన్సింగ్ అయ్యాక ఇంకోసారి తిప్పి సున్నా వస్తుందో లేదో చూడాలి.
5. బోల్టులు ఎయిర్ గన్‌తో చివరి దాకా బిగించనివ్వకూడదు. చేత్తో పట్టించి, టార్క్ రెంచ్‌తో 120కి.
6. గాలి నా గేజ్‌తో సరిచూశాను. మూడింట్లో 44 ఉంది.

బిగింపు, బ్యాలెన్సింగ్ ₹1,400. పాత టైర్లకి ₹3,000 ఇస్తామన్నారు, మళ్లీ ఎవరికో అమ్మడానికి. తడి నేల మీద అవి ఏం చేశాయో కొలిచాక వాటిని ఇంకో కారు మీదికి పంపలేను. గోడలు గ్రైండర్‌తో కోయించి తుక్కుకి ఇచ్చాను.

ఖర్చు ఇప్పటికి: ₹1,23,480

## దశ 8: కొత్త టైర్లతో అదే పరీక్ష (జూలై 13)

అచ్చులో అంటకుండా వాడే పూత కొత్త టైరు మీద ఉంటుంది, అది పోయేదాకా జారుతుంది. 400 కి.మీ. నెమ్మదిగా నడిపాకే పరీక్షకి వెళ్లాను. అదే ఆవరణ, అదే పెట్టె, అదే గాలి. నేల 28 డిగ్రీలు.

కొత్త టైర్లు, పొడి: సగటు 9.9 మీ. (పాతవి 11.3)
కొత్త టైర్లు, తడి: సగటు 12.1 మీ. (పాతవి 16.2)

పొడి నేల మీద లాభం 1.4 మీటర్లు. తడి మీద 4.1 మీటర్లు, అంటే దాదాపు ఈ కారు పొడవంత. 50 వేగంలోనే ఇంత. ఇది ఒక్క కాంక్రీటు నేల మీద కొలత. తారు మీద అంకెలు వేరుగా ఉంటాయి, తేడా దిశ మారదు.

గుయ్యిమనే మోత పూర్తిగా పోయింది. స్టీరింగు మధ్యలో కాస్త బరువెక్కింది. చిన్న గుంతలు పాత వాటి కన్నా మెత్తగా దాటుతోంది.

## దశ 9: పంక్చర్, మళ్లీ కొలతలు (ఆగస్టు – అక్టోబర్)

ఆగస్టు 2. ఆటోనగర్ నుంచి వస్తుంటే వెనక కుడి టైరులో స్క్రూ దిగింది. ఈ కారులో స్టెప్నీ లేదు, సీలెంట్ డబ్బా, చిన్న కంప్రెసర్ మాత్రమే ఉంటాయి. సీలెంట్ వాడలేదు, అది లోపల అంటుకుంటే తర్వాత ప్యాచ్ పని కష్టం. స్క్రూ పీకకుండా గాలి కొట్టుకుంటూ షాపుకి చేరాను. బయటి నుంచి స్ట్రిప్ దూర్చడం కాకుండా, టైరు విప్పి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించాను, ₹450. రంధ్రం ట్రెడ్ మధ్యలో ఉంది కాబట్టి వేయించాను. భుజం దగ్గరో గోడ మీదో అయితే టైరు మార్చేసేవాణ్ని.

ఆగస్టు 16. అలైన్‌మెంట్ మళ్లీ చూపించాను, ₹1,200. వెనక ఎడమ క్యాంబర్ −1°25′ నుంచి −1°30′కి వచ్చింది. కొత్త బోల్టులు కుదురుకుంటే ఆ మాత్రం మామూలే. కదిలించలేదు.

ఖర్చు ఇప్పటికి: ₹1,25,130. ఇందులో బేరింగ్ ₹13,040, మొదటి అలైన్‌మెంట్ ₹1,200, కలిపి ₹14,240 ఖర్చు కాకుండా ఉండాల్సింది.

సెప్టెంబర్ 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. నా ₹24,000 టైరులో అసలు ధర ₹18,750. ఇప్పటి పన్నుతో అదే ₹22,125. నాలుగింటికి ₹7,500 తేడా. ముందే తెలిసినా నేను ఆగేవాణ్ని కాదు. మధ్యలో జూలై, ఆగస్టు వానలున్నాయి.

అక్టోబర్ 12 కొలతలు, 4,000 కి.మీ. తర్వాత:

ముందు రెండు: లోపల 7.0, మధ్య 7.0, బయట 6.9 (కొత్తప్పుడు 7.6)
వెనక రెండు: లోపల 7.2, మధ్య 7.3, బయట 7.3
గట్టిదనం: నాలుగూ 66, ఉదయం 27 డిగ్రీల దగ్గర

టైరులో గుర్తు కడ్డీలు 1.6 మి.మీ. దగ్గర ఉంటాయి. నేను మాత్రం వానాకాలం దృష్ట్యా 3 మి.మీ. దగ్గరే మార్చేస్తాను. ముందు టైర్లు 1,000 కి.మీ.కి 0.15 మి.మీ. చొప్పున అరుగుతున్నాయి, అంటే సుమారు 30,000 కి.మీ. 8,000 దగ్గర ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మారుస్తాను. గట్టిదనం గేజ్ వచ్చే వేసవి తర్వాత, జూన్‌లో మళ్లీ పెడతాను. ఆ అంకె 70 దాటితే అప్పుడే ఇక్కడ రాస్తాను.